జాకీల మీద మా గుడి

ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో పిల్లల్ని ఒకటే ప్రశ్న అడుగుతాను. ప్రాజెక్టంటే ఏంటి? రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చెబుతాను నేను. ఆ క్లాసు ఎప్పుడూ మధ్యాహ్నం భోజనాల తర్వాతే పడుతుంది, టైమ్‌టేబుల్ వేసేవాళ్లకి నా మీద ఏం కక్షో తెలీదు. వెనక బెంచీలు సగం నిద్రలో ఉంటాయి. ముందు బెంచీలోంచి ఎవరో ఒకరు లేచి, "పెద్ద పని మేడమ్" అంటారు. పెద్దదే కానక్కర్లేదు బాబూ, కూర్చో అంటాను. రోజూ ఇంట్లో వంట చేస్తే అది ప్రాజెక్టు కాదు. అక్క పెళ్లికి ఊరందరికీ భోజనాలు పెడితే అది ప్రాజెక్టు. దానికి మొదలుంటుంది, ముగింపుంటుంది, ముగిశాక అంతకుముందు లేనిదేదో ఒకటి మిగులుతుంది. ఇదంతా బోర్డు మీద రాస్తాను. వాళ్లు రాసుకుంటారు. పరీక్షలో రాస్తారు, మర్నాటికి మర్చిపోతారు.

నేనూ అలాగే చెప్పుకుంటూ పోయేదాన్ని. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను స్వయంగా నడిపిన ప్రాజెక్టు ఒక్కటే. మా ఊరి గుడిని ఎత్తించాను. పని చక్కగా పూర్తయింది. ఇప్పటికీ ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే నేను మాట మార్చేస్తాను.

మాది లూథరన్ కుటుంబం. మా వైపు పాత క్రైస్తవుల ఇళ్లలో చర్చిని గుడి అనే అంటాం. ఎత్తించానంటే కొత్తగా కట్టించానని కాదు. ఉన్న గుడినే, గోడలూ కప్పూ కిటికీలూ ఉన్నవి ఉన్నట్టుగా, కింద జాకీలు పెట్టి పైకి లేపించాం. డెల్టాలో ఇప్పుడు ఇది మామూలైపోయింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోస్తారు. ప్రతిసారీ రోడ్డు లేస్తుంది, ఇళ్లు కిందికి పోతాయి. నా చిన్నప్పుడు మెట్లెక్కి గుళ్లోకి వెళ్లేవాళ్లం. నా పెళ్లినాటికి గుమ్మమూ రోడ్డూ ఒక్క మట్టానికి వచ్చేశాయి. ఆ తర్వాత గుళ్లోకి దిగి వెళ్లడం మొదలైంది. గట్టిగా వాన పడితే పక్కనున్న, పొలాలకి నీళ్లు పారే పంటబోదె పొంగి నీళ్లన్నీ లోపలికే వచ్చేవి. ఆడవాళ్ల వైపు పరిచిన చాపలు తేలిపోయేవి.

అలాంటి వానల్లోనే మా అమ్మమ్మ పోయింది.

మాలో మనిషి పోతే శవపెట్టెని ఇంటి నుంచి నేరుగా సమాధుల తోటకి తీసుకెళ్లరు. ముందు గుళ్లోకి తెస్తారు. బాప్తిస్మం ఇచ్చిన చోట, పెళ్లి జరిగిన చోట, బలిపీఠం ముందు కాసేపు ఉంచి ఆరాధన చేస్తారు. మనిషి ఆఖరిసారి తన గుళ్లోంచి బయల్దేరి వెళ్లాలి. అమ్మమ్మకి అది జరగలేదు. గుళ్లో మోకాలి లోతు నీళ్లు. పెట్టెని రోడ్డు మీద బల్ల వేసి పెట్టారు. అందరం గొడుగులు పట్టుకుని నిలబడ్డాం. వెనక ఇటుకల లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరుకి సంగతి తెలియక హారన్ కొడుతూనే ఉన్నాడు. పాస్టరుగారు ఏం చదివారో ఎవరికీ వినబడలేదు.

అమ్మమ్మ పోయినందుకు అమ్మ అంతగా ఏడవలేదు, పెద్ద వయసేనని సరిపెట్టుకుంది. ఆ రోడ్డు సంగతికి మాత్రం ఏళ్ల తరబడి ఏడ్చింది. సొరకాయ తొక్క తీస్తూ తీస్తూ ఆగిపోయి, "మా అమ్మని గుమ్మం బయట నిలబెట్టి పంపేశామే" అనేది. ఒకరోజు నా జడ వేస్తూ, అప్పటికి నాకు పెళ్లయి పిల్లలు కూడా, "నన్ను మాత్రం అలా పంపకండి. లోపలికి తీసుకెళ్లండి. నాకింకేమీ అక్కర్లేదు" అంది. నేను విసుక్కున్నాను. ఇప్పుడా గోలెందుకమ్మా అన్నాను. అమ్మ జడ బిగించి ఒక్క లాగు లాగింది.

గుడి బాగుచేయాలని సంఘంలో పట్టుబట్టింది అమ్మే. పెద్దలు పాతది కొట్టేసి కొత్తది కడదామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ ఆ ఊరి పిల్లలకి ముప్పాతిక జీవితం సండేస్కూల్ చెప్పిన మనిషి. కమిటీలో కూర్చున్న ప్రతివాడి చెవీ ఎప్పుడో ఒకప్పుడు మెలిపెట్టే ఉంటుంది, అందుకని ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. భీమవరంలో ఎవరిదో మేడని జాకీల మీద ఎత్తారని, పగులు కూడా రాలేదని అమ్మే ఎక్కడో విని వచ్చింది. సరే, ఎత్తిద్దాం, కానీ దగ్గరుండి చూసేదెవరు? పాస్టరుగారు నావైపు తిరిగి, "అమ్మాయిగారు కాలేజీలో చెప్పేది ఇదేనటగా" అన్నారు. అలా నా నెత్తిన పడింది.

మొదటి మీటింగులోనే తల ప్రాణం తోకకొచ్చింది. ప్రాజెక్టులో మొట్టమొదట తేల్చుకోవాల్సింది స్కోపు. అంటే ఏం చేస్తాం, ఏం చెయ్యం అనే హద్దు. మేం చేసేది గుడిని ఎత్తడం, కింద గోడ కట్టడం, నేల పూడ్చి గచ్చు వేయడం. అంతే. ఇంత స్పష్టంగా చెప్పానా, కమిటీలో పెద్దాయన ఒకరు తుండు సర్దుకుని, "ఆయ్, ఎలాగూ చేయిస్తున్నాం గదండీ, పనిలో పని గ్రానైటు వేసేద్దామండి" అన్నారు. ఇంకొకరు ఏసీ అన్నారు. మరొకరికి బలిపీఠం వెనక పాలరాయి కావాలి. స్కోపు ఇలాగే పాకుతుందని పాఠాల్లో చెబుతాను, స్కోప్ క్రీప్ అని దానికో పేరు కూడా ఉంది. కళ్లెదుట పాకుతుంటే మాత్రం ఒళ్లు మండింది. "పెళ్లికి చీర కొనడానికి వెళ్లి ఇల్లు కొనుక్కొస్తామా అండి?" అన్నాను. పెద్దాయన నొచ్చుకున్నారు. తర్వాత ఆయనే పక్కవాళ్లతో, అచ్చం వాళ్లమ్మేనండి అన్నారట.

అప్పటికే అమ్మకి గుండె బలహీనపడింది. ఒక వారం బాగానే ఉండేది, ఇంకో వారం వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చేసరికి ఆయాసపడేది. డాక్టరుగారు మందులు రాసి, జాగ్రత్తగా చూసుకోండి అనే మాటని చాలా మెల్లగా అన్నారు. నేను శనివారం కాలేజీ అవగానే బస్సెక్కి ఊరు వెళ్లేదాన్ని. రాత్రి అన్నాలయ్యాక నా కాగితాలు చాప మీద పరిస్తే, అమ్మ మంచం మీద నుంచి తొంగి చూసేది. ఒక్కో మాటకీ అర్థం అడిగేది.

"స్టేక్‌హోల్డరంటే ఎవరే?"

"ఈ పని వల్ల మంచో చెడో ఎవరికి తగులుతుందో వాళ్లందరూ."

"అయితే మొదట నేనే."

"నువ్వు అంతకంటే పెద్ద. స్పాన్సరువి. పని ఎవరు కావాలన్నారో, ఆఖర్న ఇది నేనడిగినదేనని ఎవరు ఒప్పుకుని తీసుకోవాలో, ఆ మనిషి."

అమ్మకి ఆ మాట బాగా నచ్చింది. నాన్నగారు బడి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు, పక్కన పేపరు చదువుకుంటూ ఏమీ ఎరగనట్టు ఉన్నారు. అమ్మ ఆయన్ని చూసి, "విన్నారా, నేను స్పాన్సరునంట. ఇకనుంచి కాస్త మర్యాదగా ఉండండి" అంది. ఆయన పేపరు దించకుండానే, "ఇన్నాళ్లూ మీకేం తక్కువైందండి?" అన్నారు. అమ్మ నవ్వి, నవ్వుతోనే దగ్గు తెచ్చుకుంది.

పని క్రిస్మస్, సంక్రాంతి పండగల తర్వాత మొదలుపెట్టి, ఈస్టరుకి ముందే ముగించాలని అనుకున్నాం. వానలుండవు, నేల గట్టిగా ఉంటుంది. ఇక రిస్కుల మీటింగు పెట్టాను. రిస్కు అంటే వచ్చిన కష్టం కాదు, రాబోయే కష్టం. రాకముందే దాన్ని పేరు పెట్టి పిలవాలి, వస్తే ఏం చేస్తామో అనుకోవాలి. అకాల వాన వస్తే ఎలా? కందకాల్లో నీళ్లు తోడడానికి మోటారు. సిమెంటు దొరక్కపోతే? ముందే తెప్పించుకోవాలి. పెళ్లిళ్లుంటే? పక్క ఊరి గుళ్లో చేసుకోవచ్చు, అక్కడి పాస్టరుగారితో మాట్లాడతామన్నారు. బాప్తిస్మాలు వాయిదా వేసుకోవచ్చు. ఆదివారం ఆరాధన బడి వరండాలో. అన్నీ అయ్యాయి. ఇంకేమైనా ఉన్నాయా అండీ అన్నాను. పెద్దాయన తుండుతో కళ్లజోడు తుడుచుకున్నారు. పాస్టరుగారు గడియారం చూసి ప్రార్థనతో ముగించారు.

ఇంటికి వచ్చి అంతా చెబితే అమ్మ శ్రద్ధగా విని, "పెళ్లిళ్లకి చూశారు, బాప్తిస్మాలకి చూశారు. మరి భూస్థాపనలకి?" అంది.

"ఏ భూస్థాపన? ముందు రాత్రి మాత్ర వేసుకున్నావా లేదా?"

అమ్మ మాత్ర వేసుకుంది. మళ్లీ అడగలేదు. ఏ కూతురైనా ఇంకేం జవాబు చెబుతుంది?

ఎత్తే పనివాళ్లు ఉత్తరాది నుంచి వచ్చారు. వాళ్ల మేస్త్రీకి తెలుగు బాగానే వచ్చు, చాలా ఊళ్లలో ఇళ్లు ఎత్తాడు. ముందు గోడల వెంట లోపలా బయటా కందకాలు తవ్వారు. పునాది మీద గోడని కొంచెం కొంచెంగా కోసి, కింద ఇనప దూలాలు దూర్చి, వాటి కింద వరసగా జాకీలు నిలబెట్టారు. మేస్త్రీ ఈల వేస్తే అందరూ ఒక్కసారి చెయ్యి తిప్పాలి. మళ్లీ ఈల, మళ్లీ ఒక చుట్టు. చూస్తే ఏమీ కదిలినట్టుండదు. సాయంత్రానికి గోడకీ నేలకీ మధ్య వెలుగు కనబడుతుంది. నేల మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, గోడలే లేస్తాయి. మొదటి రోజు ఆ సందులోంచి అవతలి కొబ్బరిచెట్లు కనిపిస్తే నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఆ రోజు సంతోషంతోనే.

జాకీల మీద ఉన్నంతకాలం తన మనుషులు తప్ప ఎవరూ లోపలికి పోకూడదని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. నేనే అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గుమ్మానికి కట్టాను. లోపలికి ఎవరూ రాకూడదు. మా వాళ్లకి ఏదైనా ఒకసారి చెబితే చెవికెక్కదు, అందుకని కింద ఎర్ర గీత కూడా గీశాను.

అనుకున్న ఎత్తు వచ్చిన రోజు అమ్మని ఆటోలో తీసుకెళ్లి చూపించాను. కుర్చీ వేసి రోడ్డు మీద కూర్చోబెట్టాం. అమ్మ వంగి గోడ కింద నుంచి లోపలికి చూసింది. ఆడవాళ్ల వైపు, రెండో కిటికీ పక్కన, గచ్చు అరిగి నున్నగా అయిన చోటు ఒకటుంది. "అదిగో నా చోటు" అంది, నాకు వేలు పెట్టి చూపిస్తూ. తర్వాత రోడ్డు వైపు తిరిగింది. పక్క వీధిలో అప్పుడే కొత్త రోడ్డు పోస్తున్నారు, తారు వాసన వస్తోంది.

"ఇంకో అడుగు లేపించవే" అంది.

"అమ్మా, ఎత్తు అయిపోయింది. రేపటి నుంచి ఇటుక పని."

"ఆ రోడ్డు రేపు ఇటు వస్తుంది. ఆ తర్వాత మళ్లీ వస్తుంది. నాలాంటిది ఇంకెవరో, వాళ్లమ్మని రోడ్డు మీద పెట్టుకుని నిలబడాలా?"

ఒకసారి ఒప్పుకున్న ప్లానులో మధ్యలో ఏదైనా మార్చాలంటే దానికో పద్ధతుంది. మార్పు వల్ల రోజులెన్ని పెరుగుతాయి, పని మీద ఏం ప్రభావం ఉంటుంది, అన్నీ చూసి అందరూ ఒప్పుకోవాలి. అమ్మకి అదే చెప్పాను. ఎత్తు మారిస్తే రోజులు మారతాయమ్మా అన్నాను. "మారితే మారనీ. ఒకసారి దించాక మళ్లీ లేపగలమా?" అంది. న్యాయమైన మాటే. మేస్త్రీని అడిగాను, కుదురుతుంది కానీ దూలాల కింద పెట్టే చెక్క దిమ్మలు ఇంకా కావాలి, ఇంకో ఊళ్లో ఉన్నాయి, రావాలి అన్నాడు. కమిటీలో చెబితే ఎవరూ కాదనలేదు. అమ్మగారన్నారు కదండీ, అలాగే కానివ్వండి అన్నారు.

దిమ్మలు రావడం ఆలస్యమైంది. వచ్చి, ఆ అడుగూ లేపేసరికి హోలీ వచ్చింది, పనివాళ్లు సొంత ఊళ్లకి వెళ్లిపోయారు. వాళ్లు తిరిగొచ్చి ఇటుక పని అందుకునేసరికి ఎప్పుడూ లేనిది ఆ నెలలో వాన. కందకాలు నిండిపోయాయి. మోటారు పెట్టి తోడితే మర్నాడు మళ్లీ ఊరేవి.

క్రిటికల్ పాత్ అని ఒక మాటుంది. ఒక ప్రాజెక్టులో పనులు చాలా ఉంటాయి. కొన్ని ఆలస్యమైనా కొంప మునగదు, కిటికీలకి రంగు రేపు వేసుకోవచ్చు, గంటకి తాడు ఎల్లుండి కట్టుకోవచ్చు. ఆ వెసులుబాటుని ఫ్లోట్ అంటాం. కొన్ని పనులకి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి. ఇటుక కట్టాలి, అది గట్టిపడాలి, అప్పుడు ఒక్కో జాకీ తీయాలి, ఆ సందు పూడ్చాలి, అప్పుడు నేలలో ఇసుక పోయాలి. ఇందులో ఏ ఒక్కటి ఒకరోజు వెనక్కి జరిగినా మొత్తం ఒకరోజు వెనక్కి జరుగుతుంది. తొందరపెట్టడానికి ఏమీ ఉండదు. ఇన్నేళ్లు ఈ పాఠం చెప్పాను, దీని మీద లెక్కలు చేయించాను. అమ్మకి కాళ్లవాపులు మొదలయ్యాక ఆ పాఠం అర్థమైంది.

రాజమండ్రి ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచాం. అక్కడ మంచం మీద పడుకుని రోజూ నన్ను అడిగేది, ఎంతవరకొచ్చిందే అని. నేను ఫోనులో ఫొటోలు చూపించేదాన్ని. మగవాళ్ల వైపు గోడ అయిపోయింది. బలిపీఠం వైపు అయిపోయింది. ఇంక రోడ్డు వైపూ, ఆడవాళ్ల వైపూ. ఇంటికి తీసుకెళ్లిపోండి అని డాక్టరుగారు చెప్పిన రోజున నేను అమ్మ దగ్గర కూర్చోకుండా ముందు మేస్త్రీకి ఫోన్ చేశాను. ఇంకో జట్టుని పిలవమన్నాను, రెండు పూటలా చేయించమన్నాను. అతను కోప్పడలేదు. "మనుషుల్ని పెంచుతాను మేడమ్. సిమెంటు నా మాట వినదు" అన్నాడు.

అమ్మ, ఈస్టరుకి సరిగ్గా వారం ఉందనగా వచ్చే మట్టల ఆదివారానికి ముందు వారంలో, తెల్లవారాక పోయింది. కాఫీ తాగుతానంది. నాన్నగారు గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అయిపోయింది. ఆయన ఆ గ్లాసు కింద పెట్టడం మర్చిపోయి చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు. గుడి గంట మోగింది. గంటస్తంభం విడిగా ఉంటుంది కాబట్టి దానికి అడ్డేమీ లేదు. ఊరంతా వచ్చింది.

ఎవరూ నోరు తెరవకముందే నాకు తెలుసు ఏం అడగబోతున్నారో. పెద్దాయనే ముందుకు వచ్చారు, నేను గ్రానైటు వద్దని కసిరిన ఆయన.

"అమ్మాయిగారూ, తలుపులోంచైతే కుదరదండి, పైకి లేచిపోయింది గదా. గోడ కింద నుంచి పోవచ్చండి. నలుగురం వంగుని పెట్టెని లోపలికి జరిపేస్తాం. బలిపీఠం ముందు కాసేపు. పాస్టరుగారు ప్రార్థన చేసేస్తారు. అంతే గదండీ."

పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "మీరెలాగంటే అలాగేనమ్మా. ఈ పనికి పెద్ద మీరే."

నేను గుడి దగ్గరికి వెళ్లాను. మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, అతనికి కూడా చెప్పేశారు. "రోడ్డు వైపు గోడ ఇంకా పచ్చిగానే ఉంది మేడమ్. ఏమీ కాకపోవచ్చు. కాదు అని మాత్రం నేను చెప్పలేను" అన్నాడు. నేను ఇంకా ఇటుక కట్టని ఆడవాళ్ల వైపు మోకాళ్ల మీద కూర్చుని కింద నుంచి చూశాను. జాకీలు వరసగా ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఒక పెట్టె పడుతుంది. కందకం మీద బల్ల వేస్తే చాలు. రెండో కిటికీ పక్కన అరిగిన గచ్చు కనిపిస్తోంది, బలిపీఠం కనిపిస్తోంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. వెనక్కి తిరిగి చూశాను. పెట్టె మోయడానికి సిద్ధంగా నిలబడిన వాళ్లలో పెద్దాయన కొడుకులున్నారు, కిందటి నెలలోనే కూతురు పుట్టిన కుర్రాడున్నాడు. అందరూ అమ్మ దగ్గర చదువుకున్నవాళ్లే. వెళ్లండి అంటే ఒక్కడు కూడా వెనకాడడు.

"వద్దండి" అన్నాను.

"ఒక్కసారి ఆలోచించండమ్మా. మీ అమ్మగారు ఎన్నాళ్ల నుంచో..." అన్నారు పెద్దాయన.

"నాకు తెలుసండి. వద్దండి."

నాన్నగారు ఎప్పుడు వచ్చారో, నా వెనక నుంచి, "అయితే రోడ్డు మీదే కానివ్వండి" అన్నారు.

రోడ్డు మీదే అయింది. ఎండ మండిపోతోంది. ఆడవాళ్లు తారు మీద చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఇద్దరు కుర్రాళ్లు అటూ ఇటూ నిలబడి బళ్లు ఆపారు, ఈసారి ఎవరూ హారన్ కొట్టలేదు. ఎవరో బయట నుంచే బల్ల వేసుకుని ఎక్కి గుడి కిటికీలన్నీ తెరిచారు. పాటలు బాగానే పాడారు. నేను అమ్మ పెట్టె పక్కన నిలబడి, గోడకీ నేలకీ మధ్య ఉన్న ఆ ఖాళీ వైపే చూస్తూ ఉన్నాను. కోపం వచ్చింది నాకు. ఆ గోడ మీద, సిమెంటు మీద, హోలీ మీద, ఆ అడుగు అడిగిన అమ్మ మీద కూడా. ఆ అడుగు లేకపోతే హోలీకి ముందే ఇటుక పని అయిపోయి ఉండేది. పెట్టె మీద పడి, ఎందుకడిగావే అని ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్లు అదేదో మామూలు ఏడుపే అనుకున్నారు.

నేను చెప్పింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. మళ్లీ ఆ రోజు వచ్చినా వద్దనే అంటాను. అయినా దాని బరువు తగ్గదు.

మిగిలిన పని ఏ అడ్డంకీ లేకుండా సాగిపోయింది. జాకీలు తీశారు, ఇసుక నింపారు, గచ్చు వేశారు, కొత్తగా మెట్లు కట్టారు. అమ్మ చోటు ఆ ఇసుక కింద ఎక్కడో ఉంది. ఈస్టరు తర్వాత ప్రతిష్ఠ ఆరాధన జరిగింది. ప్రాజెక్టు ముగించేటప్పుడు అందరినీ కూర్చోబెట్టి, ఇందులో ఏం నేర్చుకున్నాం, మళ్లీ చేస్తే ఏది వేరేగా చేస్తాం అని అడగడం పద్ధతి. నాకు మనసొప్పలేదు. అయినా పద్ధతి ప్రకారం అడిగాను. అప్పుడు పెద్దాయన నేల చూపులు చూస్తూ అన్నారు.

"ఆ రోజు మీటింగులోనే అడుగుదామనుకున్నానండి, ఎవరైనా పోతే ఎలాగండి అని. సంఘంలో అప్పుడు జబ్బుతో ఉన్నది మీ అమ్మగారొక్కరే గదండీ. మీ మొహం చూసి నోరు రాలేదండి."

నేనూ అనుకున్నానండి అన్నారు పక్కాయన. పాస్టరుగారు కూడా తల ఊపారు. ఒక్కొక్కరుగా అందరూ అదే అన్నారు. అందరికీ తెలుసు. నా మీద ప్రేమ కొద్దీ, మర్యాద కొద్దీ, ఆ ఒక్క ముక్క ఎవరూ పైకి అనలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి ఆలోచించేవాళ్లం. అడిగి ఉంటే ఆ అడుగుకి నేను ఒప్పుకునేదాన్ని కాదేమో. వాళ్ల మీద అరవాలనిపించింది. అంత మంచి మనుషుల మీద ఏమని అరుస్తాను? టీలు ఇప్పించి పంపించేశాను.

ఆ ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. కొత్త రోడ్డు మా వీధికి కూడా వచ్చింది, అమ్మ చెప్పినట్టే. ఒక శనివారం నేను ఊరు వెళ్లేసరికి బోదె పొంగి వీధంతా నీళ్లు. ఊరి చివర పేటలో నాట్లకి వెళ్లే ముసలావిడ ఒకావిడ పోయిందని చెప్పారు. నాకు పెద్దగా తెలీదు, మొహం తెలుసు. గుడి దగ్గరికి వెళ్లాను. నీళ్లలోంచి పెట్టెని మోసుకొస్తున్నారు. మెట్లన్నీ మునిగి పైమెట్టు ఒక్కటే బయటికి ఉంది. ఇంకొంచెం ఎత్తు తక్కువైతే నీళ్లు లోపలికి వచ్చేసేవే. పెట్టె గుమ్మం దాటి లోపలికి వెళ్లింది. బలిపీఠం ముందు, పొడి గచ్చు మీద పెట్టారు. లైట్లు వేశారు. పాస్టరుగారు చదివిన ప్రతి మాటా వెనకదాకా వినబడింది.

అంతా అయ్యాక ఆవిడ కొడుకు నా దగ్గరికి వచ్చాడు. నాకంటే పెద్దవాడే, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. రెండు చేతులూ జోడించాడు.

"మీ దయవల్ల, మీ అమ్మగారి దయవల్ల మాయమ్మ గుళ్లోకి వచ్చిందండి. ఆవిడ అడగబట్టే గదండీ ఆ ఎత్తు. జన్మలో మర్చిపోమండి" అన్నాడు.

నేను కూడా చేతులు జోడించి, సంతోషమండి అన్నాను. సంతోషం లేదు. ఆ పెట్టెలో ఉన్న ముసలావిడని చూస్తే నాకు ఒళ్లంతా అసూయగా ఉంది. పోయిన మనిషిని చూసి అసూయపడతారా ఎవరైనా? నేను పడ్డాను.

ఇంటికి వచ్చేసరికి నాన్నగారు వరండాలో కూర్చుని ఉన్నారు. నీళ్లకి భయపడి ఆయన రాలేదు.

"లోపలికి తీసుకెళ్లారా?" అన్నారు.

"తీసుకెళ్లారు నాన్నగారూ. నీళ్లు రాలేదు."

ఆయన వాన వైపు తిరిగి, "మంచిది. అమ్మ విని ఉంటే సంతోషించేది" అని తుండుతో మొహం తుడుచుకున్నారు. ఆయన నిజంగానే అన్నారు ఆ మాట. నాకు అంత మంచితనం లేదు. ఆ గుమ్మంలోంచి ముందు వెళ్లాల్సింది మా అమ్మ.